ఆకుపచ్చ సైటులో సుక్రి

ఆన్‌లైన్ షాపు డిజైన్ పాతబడితే కొనేవాళ్ళకి పట్టింపు ఉంటుందా? ఈ ప్రశ్న వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి మీటింగులో ఇదే గోల. రిటైరయ్యాకైనా వదిలిందా? మొన్న విశాఖపట్నంలో, ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని పిలిచి, చేతిలో టీ కప్పు పెట్టి, మళ్ళీ అదే అడిగారు. పట్టింపు ఉంటుందన్నాను. డిజైన్ చేసే పిల్లలు సంబరపడిపోయారు. ఉండదు కూడా అన్నాను. వాళ్ళ మొహాలు మాడిపోయాయి. అసలు సంగతి మొదలుపెట్టేలోపు భోజనాల టైమయిందని మైకు లాగేసుకున్నారు. అందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను. ఇక్కడైతే నా మైకు ఎవరూ లాక్కోలేరు.

నా పేరు సుగుణ. మాది అరకు. మా నాన్న మిషన్ బడిలో పంతులు. నేను కొండ రైతుల సంఘంలో గుమస్తాగా చేరాను. సంఘం ఆన్‌లైన్ షాపు పెట్టిన రోజున, "నీకు టైపింగు వచ్చు కదమ్మా" అన్న ఒక్క కారణం మీద దాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టారు. రిటైరయ్యేదాకా అది అక్కడే ఉంది. కాఫీ పొడి, మిరియాలు, పసుపు, తేనె అమ్మాను. నా హోదాలూ ఇంక్రిమెంట్లూ మీకు అనవసరం.

సైటు కట్టింది ఊళ్ళో టైపు సెంటరు నడిపే కంప్యూటరు మాస్టారు. ఆకుపచ్చ నేల, దాని మీద ఎర్రటి అక్షరాలు. పైన "స్వాగతం సుస్వాగతం" అంటూ ఒక వాక్యం కుడి నుంచి ఎడమకి పాకుతూ పోయేది. మిరియాల పక్కన "కొత్తది" అని కన్ను కొట్టే పసుప్పచ్చ చుక్క. ఏళ్ళ తరబడి అది కొత్తదే. వీటన్నిటి మధ్యా, మొదటి పేజీలో, పెద్దగా, సుక్రి బొమ్మ.

సుక్రిది ముంచింగిపుట్టు అవతల, జీపు దిగి కొండెక్కి వెళ్ళాల్సిన ఊరు. మిరియాలూ కాఫీ పళ్ళూ మా సంఘానికి ఇస్తుంది. అల్లం, కంద ముంచింగిపుట్టు సంతలో అమ్ముకుంటుంది. మాస్టారు కెమెరా మెడలో వేసుకుని వాళ్ళ ఊరు వెళ్ళిన రోజున ఆమె మిరియాలు కోస్తోంది. ఆకాశం నల్లబడుతోంది. కింద చాప మీద అంతకు ముందు కోసినవి ఎండుతున్నాయి, తడిస్తే బూజు పడతాయి. ఆ కంగారులో ఈయన "ఇటు చూడమ్మా, నవ్వమ్మా" అంటాడు. ఆమె వెదురు నిచ్చెన పట్టుకుని, చంకలో బుట్టతో, బేగి తీసి పో అన్నట్టు కెమెరాని కొరకొరా చూసింది. పని చీర. భుజం దగ్గర చిరిగిన రవిక. ఆ చిరుగుకి పిన్నీసు. అదీ బొమ్మ.

నా ఉద్యోగంలో సగం చిరాకు ఆ బొమ్మ వల్లే. ఆ బొమ్మ పడ్డ పాట్లు చెబితే ఈ డిజైన్ గొడవ మీకే అర్థమవుతుంది.

ఫోనులో ఏం అడుగుతారు

మా నంబరు సైటు నెత్తి మీద పెద్దక్షరాల్లో ఉండేది. కొనేవాళ్ళు ఆర్డరు పెట్టేముందు ఒకసారి, పెట్టాక ఒకసారి, సరుకు చేరాక ఒకసారి చేసేవాళ్ళు. కాఫీలో చికోరీ కలిపారా? తేనె గడ్డ కట్టింది, పంచదార పాకం పోశారా? ఘాట్‌లో వాన పడుతోందట, పార్శిల్ ఎప్పుడొస్తుంది? మా కోడలికి కాఫీ పడదు, ఏం చెయ్యమంటారు? కోడలి గురించి కూడా నేనే చెప్పాలి. అన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు, మీ ఆకుపచ్చ రంగు బాగాలేదమ్మా అనలేదు.

ఆర్డరు కింద "ఇంకా ఏమైనా చెప్పాలా?" అని ఒక ఖాళీ గడి ఉండేది. అందులో జనం రాసేవి చదివితే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. క్రితం సారి మిరియాలు ఘాటుగా ఉన్నాయి, ఈసారి తక్కువ ఘాటువి పంపండి. మిరియం ఘాటు తగ్గించడానికి నేనెవర్ని?

అయితే ఉన్నమాట చెప్పాలి. పాత డిజైన్ మాకు చేసిన చెరుపు కూడా ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు హడలిపోయేవాళ్ళు. "ఇది అసలు షాపేనాండీ, డబ్బు వేస్తే సరుకొస్తుందా, లేక..." అని నసిగేవాళ్ళు. చేతి ఫోనులో తెరిస్తే అక్షరాలు చీమల్లా కనిపించేవి. ఆర్డరు బటన్ తెరకి కుడి పక్క ఎక్కడో బయట ఉండేది, వేలితో లాక్కుంటే తప్ప దొరకదు. కళ్ళజోడు పెట్టుకున్న పెద్దవాళ్ళకి ఫోనులో నేను దారి చెప్పేదాన్ని. "కుడికి లాగండి. మీ కుడి కాదండీ, నా కుడి. అబ్బ, అదే!" ఇలా అరిచి అరిచి ఆదివారం నాడు చర్చిలో పాటకి గొంతు లేచేది కాదు.

ముట్టుకుంటే పోతుందట

ఒక సంత రోజు సరుకు తేవడానికి జీపులో ముంచింగిపుట్టు వెళ్ళాను. సుక్రి తన చోటు వదిలి నా దగ్గరికొచ్చి నిలబడింది. సంతలో ఆమె చోటు వదిలి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏటమ్మా సుగుణమ్మా, ఆ సెల్లులో నా బొమ్మ ఎవులు పెట్టమన్నారు?"

"ఏమైంది సుక్రీ?"

"నా గుంట సెలవలకొచ్చి అన్నం ముట్టలేదు. ఏటయిందే అంటే సెప్పదు. నాను ఊరుకోలేదు, సెప్పించినాను. ఆస్టల్లో గుంటలు నా బొమ్మ సూసి నవ్వేరట. మీ అమ్మ రవికకి పిన్నీసేటే అన్నాదట ఒకర్తి. నాకు సీర లేదేటి? ముక్కుపుడకలు లేవేటి? పనికాడ మంచి సీర కట్టుకుంటారేటి ఎవులైనా?"

ఆమె కూతురు మాలతి అప్పుడే పాడేరులో నర్సింగులో చేరింది. వాళ్ళ ఊళ్ళో అంత చదువుకెళ్ళిన మొదటి పిల్ల. వెళ్ళీ వెళ్ళగానే ఇదీ దక్కింది.

"మార్పిస్తాను" అన్నాను. అప్పుడు మా మేనేజరు రామ్మూర్తిగారు. శ్రీకాకుళం వైపు మనిషి, మంచివాడు, ఎవరి మీదా గొంతు లేపేవాడు కాదు. ఆయనకున్న భయమల్లా ఒక్కటే, నడుస్తున్నది ఆగిపోతుందని.

"ఎందుకమ్మా ఇప్పుడది? నడస్తంది కదా."

"ఒక్క ఫోటో సార్. ఆ ఆర్డరు బటన్ కూడా కాస్త ఇటు జరిపితే..."

"ఆ మాస్టారు ఊరొదిలెల్పోయాడు. పాస్‌వర్డు ఏటో ఎవులికీ తెల్దు. కెలికేవంటే మొత్తం పోద్ది. నీకో నమస్కారం."

ఈ మాట మీరూ వింటారు. ప్రతి ఆఫీసులోనూ ఎవరూ ముట్టుకోకూడని వస్తువొకటి ఉంటుంది. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. సుక్రి ప్రతి సంతకీ "మార్సేరా?" అని అడగడం, నేను "చెప్పానే" అనడం, ఆమె నా మొహంలోకి చూసి "ఊఁ" అని వెళ్ళిపోవడం. అప్పట్నుంచీ ఎవరు సెల్లు పైకెత్తినా ఆమె మొహం తిప్పేసుకునేది. కూతురు తీస్తానన్నా సరే, కొంగు అడ్డం పెట్టుకునేది.

పొగమంచు విడిచేదాకా ఆగండి

రామ్మూర్తిగారు రిటైరయ్యాక కిరణ్ వచ్చాడు. హైదరాబాదులో చదివినవాడు, హుషారు మనిషి. మొదటి రోజే పాస్‌వర్డు తవ్వి తీశాడు. ప్రభువా, నీకు స్తోత్రం అనుకున్నాను. వెంటనే సుక్రి సంగతి చెప్పాను.

"ఆ ఫోటో మార్చడమా? మేడం, అది బంగారం. ఆ చిరిగిన రవిక, ఆ పిన్నీసు, అదే మన బ్రాండ్. జనం కొనేది ఆ కష్టాన్ని."

"జనం కొనేది మిరియాలు బాబూ. ఆ పిన్నీసు వల్ల ఒక పిల్ల అన్నం మానేసింది."

"ఎమోషనల్‌గా చూడకండి మేడం."

ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను. మా కొండ మనిషి చిరిగిన బట్టలో ఉంటేనే సరుకు స్వచ్ఛమైనదని నమ్మే పట్నపు పెద్దమనుషులు. వాళ్ళకి సుక్రి పెట్లో మంచి చీర ఉండకూడదు.

కొన్నాళ్ళకి ఎక్కడో ఒక వర్క్‌షాపుకి వెళ్ళొచ్చి అదే కిరణ్ పూర్తిగా మాట మార్చేశాడు. ఇప్పుడు అంతా కొత్తగా ఉండాలట, ప్రీమియంగా ఉండాలట. పట్నం నుంచి డిజైన్ వాళ్ళని పిలిచాడు. నేను మూడే అడిగాను. అక్షరాలు పెద్దవి చెయ్యండి, బటన్ తెర మధ్యకి తెండి, సుక్రికి ఆమె చెప్పిన చీరలో కొత్త ఫోటో తియ్యండి. మొదటి రెండూ చేశారు, బాగా చేశారు. ఆ మాట ఎక్కడైనా చెబుతాను. పెద్దవాళ్ళకి కుడీ ఎడమా చెప్పే బాధ నాకు తప్పింది.

మిగతాది వినండి. సైటు తెరవగానే కొండల మీద పొగమంచు కదులుతూ కనిపిస్తుంది. అది విడిచేదాకా కూర్చోవాలి. అరకులో నిజం మంచే అంతకంటే త్వరగా విడుస్తుంది. నా ఫోన్ నంబరు పోయింది, దాని చోట బొమ్మరిల్లులాంటి ఒక చాట్ కిటికీ, అందులో మనిషి లేడు. ఖాళీ గడి పోయింది. సుక్రి పోయింది. ఆమె చోట ఒక మోడలు పిల్ల, మా ఆడవాళ్ళు థింసా ఆడేటప్పుడు కట్టుకునే కట్టులో చీర కట్టి, గోళ్ళకి రంగుతో, మిరియం తీగని ముద్దుగా రెండు వేళ్ళతో పట్టుకుని నవ్వుతోంది. ఆ పిల్ల జన్మలో మిరియం కోసి ఎరగదు.

పాత ఖాతాదారులు పొట్లాల మీది నంబరు చూసుకుని ఫోన్లు మొదలుపెట్టారు. విజయనగరంలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. మొదటి నుంచీ మా దగ్గరే మిరియాలు కొంటారు.

"ఏమ్మా, షాపు ఎవరికైనా అమ్మేశారా?"

"లేదండీ."

"మరి ఆవిడేదీ?"

"ఎవరండీ?"

"నిచ్చెన పట్టుకుని చిరాగ్గా చూస్తుందే, ఆవిడ. పోయిందా తల్లీ?"

"అయ్యో, లేదండీ! సంతలో అల్లం అమ్ముకుంటోంది, నిక్షేపంలా ఉంది."

"హమ్మయ్య. అయితే ఎందుకు తీసేశారు? నేను ఆవిణ్ణి చూసే కొనేవాణ్ణమ్మా. అలా చూసే మనిషి సరుకులో కల్తీ చెయ్యదు. ఇప్పుడీ నవ్వే అమ్మాయిని చూస్తే ఎందుకో భయంగా ఉంది."

ఇదే మాట మరొకరు, ఇంకొకరు. కొందరు ఫోనూ చెయ్యలేదు, ఆర్డరూ పెట్టలేదు. షాపు చేతులు మారిందనుకుని ఊరుకున్నారు. వాళ్ళకి పిన్నీసు కనబడలేదు, రవిక కనబడలేదు. ఆ చూపు ఒక్కటే గుర్తు. గోడౌనులో మిరియాల బస్తాలు కదలడం మానేశాయి. కిరణ్‌కి చెబితే, "కొత్త కస్టమర్లు వస్తారు మేడం, టైమివ్వండి" అన్నాడు. వచ్చారు కూడా, కొంతమంది. పోయినవాళ్ళని లెక్కలోకి తీసుకోవడం మాత్రం అతనికి ఇష్టం లేదు.

సుక్రికి నేనే సంతలో చూపించాను. ఫోను దూరంగా పట్టుకుని చూసింది.

"ఇదెవర్తమ్మా?"

"మోడలు. ఫోటోల కోసం తెచ్చారు."

"నా తీగ కాడ నిలబడిందేటి?" ఫోను నా చేతిలో పెట్టేసింది. "నా బొమ్మ మార్సమన్నాను గానమ్మా, నన్ను తీసీమన్నానేటి?"

నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం కిరణ్ మీద అనుకున్నాను గాని, ఆమె చూస్తున్నది నా వైపు.

సంతలో గుడారం

మా వైపు సంతల్లో బోర్డులుండవు. ఎవరు ఎక్కడ కూర్చుంటారో అదే బోర్డు. సుక్రి అల్లం కావాలంటే జీడిచెట్టు పక్క రాయి దగ్గరికి వెళ్ళడమే. ఆమె ఒక వారం రాకపోతే ఆ చోట మరొకరు కూర్చోరు. కొనేవాళ్ళు వచ్చి, ఖాళీ చూసి, పక్కామెని "ఏటయింది?" అని అడిగి, మరొకరి దగ్గర కొనకుండా వెళ్ళిపోతారు. ఇదంతా కిరణ్‌కి విడమరిచి చెప్పాను. గోడకి చెప్పుకున్నట్టయింది.

అతను ఏం చేశాడంటే, సంతలో సంఘం తరఫున తెల్లటి గుడారం వేయించాడు. మోడలు బొమ్మతో పెద్ద బ్యానరు, కాఫీ రుచి చూడ్డానికి చిన్న కప్పులు. "నిజమైన రైతు కూడా ఉండాలి" అని సుక్రిని అందులో కూర్చోబెడదామన్నాడు. సుక్రి ఒప్పుకుంది. ఇక్కడైనా మంచి చీరలో తన బొమ్మ తీస్తారేమో అనుకుందని తర్వాత చెప్పింది. ముందు రాత్రి వాన పడి సంతంతా బురద. ఆమె మంచి చీర పాడవుతుందని కిరణ్ మర్యాదగా జీపు తెచ్చి, అల్లం బుట్టతో సహా రాయి దగ్గర ఎక్కించుకుని, సంత రెండో కొసన ఉన్న గుడారం దగ్గర దింపాడు.

మర్యాదే. కాని మా కొండల్లో మనిషిని జీపెక్కించి తీసుకెళ్ళారంటే ఒకటే అర్థం, ఆసుపత్రికి. పక్కన కూర్చునే ఆమె వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పింది, "ఆపీసోల్లు జీపులో ఎక్కించుకెల్లేరు" అని. కొనేవాళ్ళు రాయి దగ్గర గుంపుగా నిలబడి అయ్యో అనుకున్నారు. తలెత్తి చూస్తే అంత పొడుగు గుడారం. ఒక్కరూ అటు రాలేదు. ఎవరో సుక్రి ఊరివాడు సిగ్నలు ఉన్న చోటికి వెళ్ళి మాలతికి ఫోను చేశాడు.

నేను గుడారంలో కాఫీ పోస్తూ, తాగేవాడు లేక నేనే తాగుతూ కూర్చున్నాను. సుక్రి కొత్త చీరలో బ్యానరు కింద ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉంది. "నా అల్లం కొనీవోల్లు ఏరమ్మా?" అని మాటిమాటికీ అడుగుతోంది. మధ్యాహ్నం దాటాక పాడేరు బస్సు ఆగింది. తెల్లకోటుతో ఒక పిల్ల దిగి, బురదలో చెప్పులు ఊడిపోతున్నా చూసుకోకుండా రాయి దగ్గరికి పరిగెత్తింది. అక్కడ్నుంచి మా జీపు కనబడి ఇటు పరిగెత్తింది.

"అమ్మా!"

తల్లిని పట్టుకుని ఒళ్ళంతా తడిమి చూసింది. బాగానే ఉందని తెలిశాక తిట్లు లంకించుకుంది.

"నీకు బుద్ధుందా? ఆస్పత్రంతా ఎతికించేను! జీపులో తెస్తన్నారంటే కాజువాలిటీ గుమ్మంలోనే నిలబడ్డాను!"

"నాకేటయిందే? ఈ బాబు బురదని జీపెక్కించేడు."

మాలతి మా వైపు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. ఆఫీసువాళ్ళతో మాట్లాడే తెలుగులోకి మారిపోయింది.

"మేడం, వార్డుల్లో అడిగితే, మీ అమ్మ ఎలా ఉంటుందో ఫోటో చూపించమన్నారు. నా దగ్గర ఒక్క ఫోటో లేదు. తియ్యనివ్వదు కదా. మీ సైటు తెరిచాను. నేను అసహ్యించుకున్న ఆ ఫోటోయే చూపిద్దామని. మంచు విడిచేదాకా ఆగాను. చూస్తే ఈవిడ." బ్యానరు మీది మోడలుని చూపించింది. "నవ్వుతోంది మేడం. నేను అమ్మ కోసం చూస్తుంటే ఈవిడ నవ్వుతోంది."

చేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకుంది.

"చివరికి ఎవరు వెతికారో తెలుసా? స్వప్న. అప్పుడు పిన్నీసు అని నవ్విందే, అదే. మీ అమ్మ మొహం నాకు గుర్తుందే, నేను వెతుకుతాను, నువ్వు గుమ్మంలో ఉండు అని వార్డులన్నీ తిరిగింది."

కిరణ్ కప్పుల ట్రే కింద పెట్టేశాడు. తర్వాత తనే వెళ్ళి బ్యానరు తాళ్ళు విప్పాడు. అతన్ని మెచ్చుకోవాల్సిన పని అదొక్కటి చేశాడు. సుక్రి మాత్రం ఎవరి మాటా వినకుండా, అల్లం బుట్ట నెత్తిన పెట్టుకుని, చీర మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, బురదలో నడిచి వెళ్ళి తన రాయి దగ్గర కూర్చుంది. కూర్చోగానే జనం మూగారు. పొద్దువాలేలోగా అల్లమంతా అమ్ముడైంది.

బేగి తియ్యి

ఆ ఆదివారం చర్చికి సెలవు పెట్టి వాళ్ళ ఊరెళ్ళాను. కిరణ్ పెద్ద కెమెరా తెచ్చాడు. "మా అమ్మని నేనే తీస్తాను" అంది మాలతి, తన సెల్లుతో. సుక్రి పెట్టెలోంచి చీర తీసి కట్టుకుంది. ముక్కుపుడకలు పెట్టుకుంది. తలకి నూనె రాసి నున్నగా దువ్వుకుంది. అదే నిచ్చెన, అదే తీగ. బుట్ట చంకలో పెట్టుకుని, నవ్వడానికి సిద్ధమై నిలబడింది.

మాలతి సెల్లు పైకెత్తింది. కొండ మీద ఉరిమింది. వాకిట్లో చాప మీద మిరియాలు.

"బేగి తియ్యవే గుంటా! మిరియాలు తడిసిపోతన్నాయి, ఏటి సేత్తన్నావు!"

మాలతి నొక్కేసింది. రెండోది తీసే టైము లేదు. అందరం చాప ఎత్తడానికి పరిగెత్తాం.

కిరణ్ వానలో తలుపు దగ్గర నిలబడి ఆ ఫోటో చూశాడు. కొత్త చీర, మెరిసే ముక్కుపుడకలు, కొరకొరా చూపు. "స్మైల్ ఉన్నది ఇంకొకటి తీద్దాం మేడం" అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. సుక్రి చూసింది.

"సీర బాగుంది. మొహమేటే ఇలాగుంది?"

"నీ మొహం ఇలాగే ఉంటాది" అంది మాలతి.

"ఉండనీ మరి" అంది సుక్రి.

ఇంతకీ పట్టింపు ఉంటుందా

ఇప్పుడు ఆ ప్రశ్న అడగండి, చెబుతాను. దారి తెలియని వాడికి డిజైన్ కావాలి. అక్షరం చదవగలగాలి, బటన్ చేతికి అందాలి, ఇది దొంగ షాపు కాదని చూడగానే తెలియాలి. అక్కడ పాతది పాతదిగానే ఉండాలని మొండికెయ్యడం కొనేవాళ్ళని అవమానించడమే. దారి తెలిసినవాడికి మాత్రం రంగూ అక్కర్లేదు, మంచూ అక్కర్లేదు. తను ఎరిగిన మనిషి తను ఎరిగిన చోట ఉండాలి, అంతే. మీరు ఏదైనా మార్చేముందు మీ షాపులో ఆ మనిషి ఎవరో కనుక్కోండి. ఆ మనిషి ఏమంటోందో కూడా అడగండి. మా దగ్గర డిజైన్ పాతబడిందని అందరికంటే ముందు చెప్పింది సుక్రి. ఆమె సరుకు కొనేది కాదు కాబట్టి మా మీటింగుల్లో ఆమె అభిప్రాయానికి చోటు లేకపోయింది.

కిరణ్ మంచు తీసేశాడు. నంబరు మళ్ళీ నెత్తికెక్కింది. ఖాళీ గడి తిరిగొచ్చింది. ఆకుపచ్చ రంగు రాలేదు, దాని కోసం ఎవరూ బెంగ పెట్టుకోలేదు. విజయనగరం మాస్టారు ఫోను చేసి, "వచ్చేసిందా తల్లీ! వయసులో కాస్త పెద్దదయింది. చూపు మాత్రం అదే" అని మిరియాలకి ఆర్డరు చెప్పారు. బస్తాలు కదిలాయి.

చీర గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. సుక్రి ప్రతి సంతకీ "నా సీర గురించి ఏటన్నారు?" అని అడుగుతుంది, నేను నీళ్ళు నములుతాను. ఈ జనం ఇంతే.

నా రిటైర్‌మెంటు దగ్గరికొచ్చాక ఒక సంత రోజు, ముంచింగిపుట్టులో మా సరుకు షెడ్డు దగ్గర కూర్చుని ఫోనులో కొత్త ఆర్డర్లు చూస్తున్నాను. ఒకటి పాడేరు నుంచి, నర్సింగు హాస్టల్ చిరునామా. పేరు స్వప్న. కింద గడిలో రాసింది: "మాలతి వాళ్ళమ్మగారి మిరియాలే కావాలి. ఊరికి మా అమ్మకి తీసుకెళ్తున్నాను. ఆవిడ చీర చాలా బాగుంది."

సుక్రిని పిలిచి చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది. చదివాను. షెడ్డులోకి వెళ్ళి, మిరియాలు చాటలో పోసుకుని, పొల్లుగింజలు ఏరి పారేసి, తనే పొట్లం కట్టింది. కట్టి నా చేతికిస్తూ ఆగింది.

"ఆ గుంట నా బొమ్మ బాగా సూసిందేటి?"

"చూడకుండా చీర సంగతి ఎలా రాస్తుంది?"

ఆ రోజు ఆమె కట్టుకున్నది పని చీరే. అయినా నా చేతిలోని ఫోను వైపు తిరిగి, పైట సర్దుకుంది.